ఉపగ్రహానికి ఏ గాలి నింపాలి?

కిందటేడు మన సంఘం ఉగాది సంబరాల్లో పిల్లలకు బుడగలు నింపి ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. "ఉపగ్రహాల ఇంజనీరువి కదా, గాలి పని నీకు బాగా తెలుస్తుంది" అని మిత్రుల వేళాకోళం. హీలియం సిలిండరు పక్కన కూర్చుని ఒక్కొక్క బుడగ నింపి, దారం కట్టి ఇస్తున్నాను. వరసలో నిలబడ్డ ఏడేళ్ల కుర్రవాడొకడు దారం కట్టకముందే బుడగ లాక్కున్నాడు. అది కాస్తా చేయి జారి, బుర్రుమంటూ హాలంతా చక్కర్లు కొట్టి, పులిహోర వడ్డిస్తున్నావిడ భుజం మీద పడింది. అందరూ నవ్వారు.

వాడు మాత్రం నవ్వలేదు. "అంకుల్, మీ శాటిలైట్లో కూడా ఇదే గాలి పెడతారా?" అని అడిగాడు. లేదు నాన్నా, జినాన్ అని వేరే గాలి ఉంది, అది పెడతాం అన్నాను. వాడి నాయనమ్మగారు తెనాలి నుంచి ఆర్నెల్ల కోసం వచ్చారు. పక్కనే నిలబడి అంతా వింటున్నారు.

"అది మంచి గాలా బాబూ?"

"మంచిదేనండీ. కాకపోతే చాలా ఖరీదు."

"గాలికి కూడా ఖరీదేనా! మరి చవక గాలి పెట్టుకోకూడదూ?"

వెనక పిల్లల వరస పెరిగిపోతోంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆవిడ నవ్వుతూ అడిగిన ఆ ప్రశ్న మీదే నేను ఉద్యోగంలో రెండేళ్లు గడిపాను. ఒకసారి దాని దగ్గరే బోల్తా కొట్టాను కూడా. సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, ఆరోజు ఆవిడకు చెప్పని జవాబు రాద్దామనిపించింది.

మచిలీపట్నంలో కనిపించిన పసుపు గీత

ముందుగా ఈ గాలుల కుటుంబం గురించి నాలుగు మాటలు. మనం హైస్కూల్లో జడ వాయువులని చదువుకున్నాం. ఇప్పటి పుస్తకాల్లో ఉత్కృష్ట వాయువులంటున్నారు. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్. వీటిలో మొదటిదానితో మన తెలుగునేలకు చుట్టరికం ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి దిగాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీత ఉండాల్సిన చోట అది సరిగ్గా లేదని పోగ్సన్ గమనించాడు. ఆ ఏడే అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం అవసరం లేకుండానే ఆ గీతను పట్టుకున్నాడు. అది కొత్త మూలకానిదై ఉంటుందని భావించి, గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. "హీలియం మన గుంటూరులోనే కనుక్కున్నారు" అని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, కథ అంత సూటిగా లేదు. పలువురి చూపు కలిస్తే తేలిన సంగతి అది. అయినా అందులో మన ఊళ్లకు చోటుంది, అది చాలు.

మిగతా కుటుంబాన్ని వెలికితీసింది లండనులో విలియం రామ్సే. 1894లో లార్డ్ రేలీతో కలిసి గాలిలో ఆర్గాన్‌ను పట్టుకున్నాడు. 1898లో ట్రావర్స్‌తో కలిసి ద్రవీకరించిన గాలిని మెల్లగా మరిగిస్తూ కొద్ది వారాల తేడాలో క్రిప్టాన్, నియాన్, జినాన్ మూడింటినీ బయటపెట్టాడు. పేర్లన్నీ గ్రీకువే. ఆర్గాన్ అంటే పనిచెయ్యని సోమరి. క్రిప్టాన్ అంటే దాగి ఉన్నది, మన భాషలో అజ్ఞాతవాసి. జినాన్ అంటే పరాయి ఊరివాడు. గ్రీకులో ఆ మాటకే అతిథి అన్న అర్థం కూడా ఉందట. ఈ సోమరి, అజ్ఞాతవాసి, పరదేశి ముగ్గురి మధ్య పోటీయే మన కథ.

పడవలో కొబ్బరిబోండాలు

దారం కట్టని బుడగ ఎందుకు పరుగెత్తింది? గాలి వెనక్కి పోయింది, బుడగ ముందుకు పోయింది. ఆకాశంలో ఉపగ్రహం కదలాలన్నా అంతే. పట్టుకోవడానికి గోడ లేదు, తన్నడానికి నేల లేదు. తనతో తెచ్చుకున్నదే ఏదో ఒకటి వెనక్కి విసరాలి.

కాలువలో తెడ్డు లేని పడవలో మీరు కూర్చున్నారనుకోండి. పడవ నిండా కొబ్బరిబోండాలున్నాయి. ఒక్కొక్కటి వెనక్కి విసిరితే పడవ కాస్త కాస్త ముందుకు జరుగుతుంది. బోండాలు అయిపోతే పడవ ఆగినట్టే. కాబట్టి ప్రతి బోండాన్నీ వీలైనంత జోరుగా విసరాలి. ఎంత జోరుగా విసిరితే అన్ని తక్కువ బోండాలతో గట్టెక్కుతాం.

మామూలు రసాయన ఇంజన్లలో ఇంధనం మండి, ఆ వేడికి వాయువు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మంటతో అంతకంటే పెద్దగా సాధించలేం. విద్యుత్ ఇంజన్లో మంట ఉండదు. వాయువు పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడితే అది అయాన్ అవుతుంది. దానికి విద్యుదావేశం వస్తుంది. కొన్ని వందల వోల్టులు పెడితే ఆ అయాన్ బాణంలా దూసుకుపోతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే హాల్ థ్రస్టర్లో పింగాణీ లాంటి పదార్థంతో చేసిన ఉంగరం ఆకారపు గాడి ఉంటుంది. అందులో అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లను బంధించి గిరగిర తిప్పుతుంది. గాడిలోకి వదిలిన వాయువును ఆ ఎలక్ట్రాన్లు ఢీకొట్టి అయాన్లుగా మారుస్తాయి. జినాన్‌తో నడుస్తుంటే దాని మూతి దగ్గర నీలికాంతి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గ్యాసు పొయ్యి గుర్తుకొచ్చింది నాకు.

దీనివల్ల లాభమెంతో ఒక లెక్క చెబుతాను. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే టీవీ ఉపగ్రహం తన చోటు తప్పకుండా ఉండాలంటే ఏటా సెకనుకు సుమారు 50 మీటర్ల వేగం సరిదిద్దుకోవాలి. 15 ఏళ్లకు 750 మీటర్లు. ఉపగ్రహం బరువు 2000 కిలోలైతే రసాయన ఇంజనుకు ఇందుకోసం దాదాపు 440 కిలోల ఇంధనం కావాలి. సెకనుకు 16 కిలోమీటర్ల వేగంతో అయాన్లను విసిరే హాల్ థ్రస్టరుకు 92 కిలోలు చాలు. మిగిలిన బరువుతో ఎన్ని ఛానళ్లు పెట్టుకోవచ్చో ఆలోచించండి.

చిక్కు ఒకటే. తోపు బహు తక్కువ. 1998 అక్టోబరులో బయల్దేరిన నాసా వారి డీప్ స్పేస్ 1 నౌకలో అయాన్ ఇంజను గరిష్ఠంగా ఇచ్చిన తోపు 92 మిల్లీన్యూటన్లు. అంటే అరచేతిలో రెండు తెల్లకాగితాలు పెట్టుకుంటే తెలిసే బరువు. కానీ అది 16 వేల గంటలకు పైగా అలా తోస్తూనే ఉండి, నౌక వేగాన్ని సెకనుకు 4.3 కిలోమీటర్లు మార్చింది. ఇందుకోసం మోసుకెళ్లిన జినాన్ 80 కిలోల పైచిలుకే. చీమ బెల్లం మోసినట్టన్నమాట.

బరువైన గాలి ఎందుకు?

ఇక్కడే కుర్రవాడి ప్రశ్నకు జవాబుంది. 300 వోల్టులతో తోస్తే జినాన్ అయాన్ సెకనుకు 21 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. క్రిప్టాన్ 26, ఆర్గాన్ 38. అన్నిటికంటే తేలికైన హీలియమైతే ఏకంగా 120 కిలోమీటర్లు. జోరుగా విసరడమే మేలన్నాం కదా, మరి హీలియమే ఉత్తమం కావాలి!

కాదు. విసరడానికి శక్తి కావాలి. ఒక గ్రాము వాయువును రెట్టింపు వేగంతో విసిరితే తోపు రెట్టింపవుతుంది, కరెంటు ఖర్చు మాత్రం నాలుగింతలవుతుంది. ఉపగ్రహంలో కరెంటు సౌరఫలకాల నుంచి రావాలి, అది లెక్కగా వస్తుంది. ఉన్న కరెంటుతో ఎక్కువ తోపు కావాలంటే బరువైన అయాన్లే మేలు. జినాన్ పరమాణు భారం 131, క్రిప్టాన్‌ది 84, ఆర్గాన్‌ది 40, హీలియంది 4. ఒకే వోల్టేజీ, ఒకే కరెంటు ఇస్తే జినాన్ తోపు 100 అనుకుంటే క్రిప్టాన్‌ది 80, ఆర్గాన్‌ది 55, హీలియంది 17 మాత్రమే. తోపు తగ్గితే కక్ష్య చేరడానికి పట్టే కాలం పెరుగుతుంది. నెల ప్రయాణం రెండు నెలలవుతుంది. ఆ రెండో నెలంతా ఉపగ్రహం పైసా సంపాదించదు.

రెండో సంగతి, ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే ఖర్చు. జినాన్‌కు 12.1 ఎలక్ట్రాన్ వోల్టులు, క్రిప్టాన్‌కు 14, ఆర్గాన్‌కు 15.8, హీలియంకు 24.6. చూడ్డానికి చిన్న తేడాలే. అయితే ప్రతి ఢీ ఫలించదు గనుక అసలు ఖర్చు దీనికి కొన్ని రెట్లుంటుంది. పైగా తేలిక పరమాణువులు గాడిలోంచి త్వరగా జారిపోతాయి. ఒకే వేడిమి దగ్గర ఆర్గాన్ పరమాణువు జినాన్ కంటే 1.8 రెట్లు వేగంగా కదులుతుంది. ఎలక్ట్రాన్ వచ్చి కొట్టేలోగా బయటికి పోతుంది. అలా పోయినదంతా కారిపోయిన బిందెలో నీళ్లే.

మూడో సంగతి, నిల్వ. జినాన్‌ను 16.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర 58 వాతావరణ పీడనాలు పెడితే అటు ద్రవమూ ఇటు వాయువూ కాని సంధిస్థితికి వస్తుంది. అక్కణ్ణుంచి ఇంకాస్త ఒత్తితే నీటికంటే చిక్కనవుతుంది. అంటే మన ఇంట్లో ఉండే వేడిమి దగ్గరే, మరీ చల్లబరచకుండానే, చిన్న ట్యాంకులో బోలెడంత పడుతుంది. క్రిప్టాన్‌కు ఆ సంధిస్థితి సున్నాకు 64 డిగ్రీలు దిగువన గానీ రాదు. మామూలు వేడిమిలో అదే ఒత్తిడి పెడితే జినాన్ పట్టినదాంట్లో సగం బరువు క్రిప్టాన్ కూడా పట్టదు. ఆర్గాన్ అయితే ఐదో వంతు కూడా పట్టదు.

పాదరసంతో మొదలు

అసలు తొలిరోజుల్లో ఎవరూ జినాన్ వాడలేదు. బరువైన పరమాణువు కావాలి, ఎలక్ట్రాన్ సులువుగా ఊడాలి, చోటు తక్కువ పట్టాలి అని లెక్క వేస్తే తేలింది పాదరసం, సీజియం. 1964 జులైలో నాసా ప్రయోగించిన సెర్ట్-1లో ఈ రెండు రకాల ఇంజన్లూ పెట్టారు. సీజియంది పనిచెయ్యలేదు. హెరాల్డ్ కౌఫ్‌మన్ రూపొందించిన పాదరసం ఇంజను 31 నిమిషాలు నడిచి, అంతరిక్షంలో అయాన్ ఇంజను పనిచేస్తుందని రుజువు చేసింది.

కానీ పాదరసం విషం. పరీక్షలు చేసే మనుషులకు ప్రమాదం. సీజియం గాలి తగిలితే మండుతుంది. ఇంజను వదిలిన ఆవిరి చల్లటి ఉపగ్రహం ఒంటి మీదే పూతలా పేరుకోవచ్చు, లోహాలను తినొచ్చు. జడ వాయువులతో ఈ బాధలేవీ లేవు. మామూలుగా దేనితోనూ కలవవు, దేన్నీ పాడుచెయ్యవు. సోవియట్ యూనియన్ వారు 1971 డిసెంబరులో పంపిన మీటియర్ ఉపగ్రహంలో జినాన్‌తో నడిచే హాల్ థ్రస్టర్లు పెట్టారు. అమెరికాలోనూ 1980ల్లో పాదరసం వదిలి జినాన్ పట్టారు. ఉపగ్రహాల్లో పాదరసం వాడకాన్ని 2025 కల్లా ఆపాలని మినమాటా ఒప్పందపు దేశాలు 2022లో తీర్మానించాయి. జపాన్‌లో పాదరసం పాలై బలైన ఊరి పేరు మీదిదా ఒప్పందం.

జినాన్ ఎన్నిసార్లు ఆదుకుందో చెబితే ఒక పుస్తకమవుతుంది. ఒక్కటి చెబుతాను. 2001 జులైలో యూరప్ వారి ఆర్టెమిస్ ఉపగ్రహాన్ని రాకెట్టు చేర్చాల్సిన ఎత్తుకు చేర్చలేకపోయింది. ఉన్న రసాయన ఇంధనంతో 31 వేల కిలోమీటర్ల దాకా ఎక్కారు. ఇంకా 5 వేల కిలోమీటర్లు మిగిలింది. చోటు సర్దుకోవడానికని పెట్టిన చిన్న అయాన్ ఇంజన్లను మెట్లెక్కడానికి వాడారు. రోజుకు సుమారు 15 కిలోమీటర్ల చొప్పున ఎక్కి, 2003 జనవరిలో గమ్యం చేరింది. అడుగున మిగిలే నాలుగు కిలోల విలువ ఏమిటో మా వృత్తిలోవాళ్లకు ఆ కథ నేర్పింది.

పరదేశి ఖరీదు

ఇన్ని సుగుణాలున్న జినాన్‌కున్న లోపమల్లా దొరక్కపోవడం. గాలిలో ఆర్గాన్ దాదాపు ఒక శాతముంది. 107 లీటర్ల గాలి తీసుకుంటే ఒక లీటరు ఆర్గాన్. ఒక లీటరు క్రిప్టాన్ కావాలంటే దాదాపు 9 లక్షల లీటర్ల గాలి వడకట్టాలి. జినాన్‌కైతే కోటీ 15 లక్షల లీటర్లు!

జినాన్ కోసమే ఎవరూ అంత గాలిని చల్లార్చరు. ఉక్కు కర్మాగారాలకు ఆక్సిజన్ బోలెడు కావాలి. అందుకని గాలిని ద్రవంగా మార్చి వేరుచేసే పెద్ద ప్లాంట్లు పెడతారు. క్రిప్టాన్, జినాన్ ఆక్సిజన్ కంటే ముందే ద్రవంగా మారతాయి గనుక ద్రవ ఆక్సిజన్‌లో అడుగున చేరతాయి. అదనపు సామగ్రి పెట్టుకున్న ప్లాంటువాళ్లు వాటిని వేరుచేసి అమ్ముకుంటారు. మీగడ చిలికితే వెన్నతో పాటు దొరికే మజ్జిగ లాంటిది. జినాన్ కావాలని అందరూ అడిగినా, ఉక్కు గిరాకీ పెరగందే సరుకు పెద్దగా పెరగదు.

ఉన్న కాస్తకూ ఎందరో పోటీ. సినిమా హాళ్లలో కార్బన్ కడ్డీలు పోయి వచ్చిన ప్రొజెక్టర్ దీపాల్లో ఉండేది జినానే. మత్తుమందుగా పనికొస్తుంది. కంప్యూటర్ చిప్పులు చెక్కేవాళ్లకు కావాలి. దక్షిణ డకోటాలో భూగర్భంలో కృష్ణపదార్థం కోసం వెతికే ఒక్క ప్రయోగానికే 10 టన్నుల జినాన్ వాడారు. క్రిప్టాన్, ఆర్గాన్ చలిదేశాల్లో కిటికీ రెండు అద్దాల మధ్య నింపుతారు. మన ఇళ్లలోనే ఉండొచ్చు. ఆర్గాన్ మాత్రం ప్రతి వెల్డింగు షాపులోనూ దొరుకుతుంది.

నేను బోల్తా కొట్టిన చోటు

ఇక నా కథ. నేను అప్పట్లో పనిచేసిన కంపెనీ పేరు అనవసరం. పొలాల ఫొటోలు తీసే చిన్న ఉపగ్రహమొకటి కడుతున్నాం. భూమికి 700 కిలోమీటర్ల ఎత్తున తిరగాలి. హాల్ థ్రస్టరు, 12 కిలోల జినాన్. అందులో 10 కిలోలు ఐదేళ్లపాటు చోటు మార్చుకోవడానికి, సరిదిద్దుకోవడానికి, అడ్డొచ్చినవాటిని తప్పించుకోవడానికి. చివరి 2 కిలోలు ముట్టుకోకూడదు. ఆయువు తీరాక ఉపగ్రహాన్ని కిందికి దించి గాలిలో కాల్చేయడానికి అవి. అంత ఎత్తున వదిలేస్తే తనంతట తాను కింద పడడానికి దశాబ్దాలు పడుతుంది. అన్నాళ్లూ అది మిగతావాళ్ల నెత్తిన ఎదురొచ్చే రాయే.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఈ అరుదైన వాయువుల్లో చెప్పుకోదగ్గ భాగం రష్యా, ఉక్రెయిన్‌ల ఉక్కు ప్లాంట్ల నుంచే వచ్చేది. కొన్నాళ్లకు మాకొచ్చిన జినాన్ కొటేషన్ పాతదానికి మూడింతలు దాటింది. పైవాళ్లు మీటింగు పెట్టి "క్రిప్టాన్‌కు మారితే?" అని అడిగారు. నేను ధీమాగా "సిలిండరు మార్చడమే కదా, తోపు ఐదో వంతు తగ్గుతుంది, సర్దుకుందాం" అనేశాను. 100కు 80 లెక్క నా నాలుక మీదే ఉంది మరి.

వాక్యూమ్ ఛాంబర్లో పెట్టి చూస్తే తోపు దాదాపు మూడో వంతు పడిపోయింది. జినాన్ కోసం చేసిన గాడిలో క్రిప్టాన్ నిలవడం లేదు. అది కూడా ఉన్నదానికంటే బాగా కనబడిన అంకె. ఛాంబర్లోని పంపులు వాయువును చల్లటి పలకల మీద గడ్డకట్టించి పట్టుకుంటాయి. జినాన్ సులువుగా గడ్డకడుతుంది. క్రిప్టాన్‌కు ఇంకా చల్లదనం కావాలి. మా పంపులు సరిగా పట్టలేకపోవడంతో ఛాంబర్లో మిగిలిన వాయువు మళ్లీ ఇంజన్లోకే వెళ్లి ఉచిత ఇంధనంలా పనిచేసింది. అసలు ఆకాశంలో అయితే ఇంకా తక్కువే వచ్చేది.

అంతలో మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి మెల్లగా అడిగింది, "ట్యాంకులో ఎంత పడుతుందో చూశారా సార్?" అని. నేను చూడలేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి చూడలేదు! 12 కిలోల జినాన్ పట్టే ట్యాంకులో క్రిప్టాన్ 5 కిలోలు కూడా పట్టదు. వేగం ఎక్కువ కనుక కొంత కలిసొచ్చినా, మొత్తం మీద పని సగానికి దిగుతుంది. పెద్ద ట్యాంకు పెట్టాలంటే చట్రం మారాలి. చట్రం మారితే కెమెరా జరగాలి. తోపు నిలబెట్టాలంటే సౌరఫలకాలు పెంచాలి. గాలి మార్చడమంటే ఉపగ్రహాన్నే మార్చడమని ఆ సాయంత్రం బుర్రకెక్కింది.

చివరికి ఆ ఉపగ్రహానికి జినానే కొన్నాం. కానీ బడ్జెట్టులో 9 కిలోలే వచ్చింది. అప్పుడు అసలు గొడవ మొదలైంది. చివరి 2 కిలోలు కూడా పనికి వాడుకుంటే ఇంకో ఏడాది ఫొటోలు అమ్ముకోవచ్చన్నది ఒక పక్షం వాదన. "దించడం సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు. అప్పటికి చూడడానికి ట్యాంకులో ఏమీ ఉండదు కదా! మొదటి మీటింగులో తొందరపడి మాట్లాడినవాణ్ణి నేనే కాబట్టి, ఈసారి లెక్కలన్నీ కాగితం మీద పెట్టి, ఆ 2 కిలోలు తగ్గిస్తే నేను సంతకం పెట్టనన్నాను. అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ 2022 సెప్టెంబరులో తెచ్చిన నిబంధన కూడా నా పక్షాన నిలబడింది. పని ముగిసిన ఐదేళ్లలోగా ఉపగ్రహాన్ని దించెయ్యాలని ఆ నిబంధన. 2 కిలోలు అలాగే ఉండిపోయాయి. ఉపగ్రహం పనిచేసే కాలం మాత్రం ఐదేళ్ల నుంచి మూడున్నరేళ్లయింది. ఆ ఏడాదిన్నర పోయిందని నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టింది.

సోమరికి పని దొరికింది

మరి తెనాలి పెద్దమ్మగారన్నట్టు చవక గాలి అసలు పనికిరాదా? పనికొస్తుంది. మొదటి గీత నుంచీ దానికోసమే ఉపగ్రహాన్ని గీస్తే.

స్పేస్‌ఎక్స్ కంపెనీ 2019 మే నెలలో తొలి 60 స్టార్‌లింక్ ఉపగ్రహాలను క్రిప్టాన్‌తో నడిచే హాల్ థ్రస్టర్లతో పంపింది. ఒకటీ రెండూ కాదు, వేల ఉపగ్రహాలు కట్టేవాళ్లకు జినాన్ ఖరీదే కాదు, అంత సరుకు దొరకడమే కష్టం. 2023 ఫిబ్రవరిలో మొదలైన తర్వాతి తరంలో ఇంకో మెట్టు దిగి ఆర్గాన్‌కు వెళ్లారు. వాళ్లు ప్రకటించిన ప్రకారం ఆ ఇంజను 4.2 కిలోవాట్ల కరెంటుతో 170 మిల్లీన్యూటన్ల తోపు ఇస్తుంది, బరువు 2.1 కిలోలు. ఇచ్చిన కరెంటులో సగమే తోపుకు ఉపయోగపడుతుంది. మంచి జినాన్ ఇంజన్లతో పోలిస్తే అది గొప్ప అంకె కాదు. కానీ ఆ ఉపగ్రహాల మీద పెద్ద సౌరఫలకాలు ఎలాగూ ఉన్నాయి. గాలి వెల్డింగు షాపు ధరకు వస్తుంది. వేగం ఎక్కువ కాబట్టి తక్కువ బరువుతో సరిపోతుంది. వాళ్ల లెక్కలో అదే సరైన జవాబు.

అదే ఏడాది అక్టోబరు 13న నాసా సైకీ అనే నౌకను అదే పేరున్న లోహపు గ్రహశకలం వైపు పంపింది. అందులో నింపింది వెయ్యి కిలోల పైచిలుకు జినాన్. సూర్యుడికి దూరమవుతున్నకొద్దీ కరెంటు తగ్గిపోతుంది. దారిలో ఇంధనం నింపేవాళ్లు లేరు. పంపేది ఒక్కటే నౌక. అక్కడ గాలి ఖరీదు చూసుకుంటే అసలుకే మోసం. ఒకే ఏడాది ఒకరు సోమరిని ఎంచుకున్నారు, ఒకరు పరదేశిని ఎంచుకున్నారు. ఇద్దరిదీ ఒప్పే.

మన ఇస్రో కూడా ఈ దారిలోనే ఉంది. 2017 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9లో జినాన్‌తో నడిచే విద్యుత్ ఇంజన్లు పెట్టారు. 300 మిల్లీన్యూటన్ల సొంత ఇంజనును వెయ్యి గంటలు నడిపి చూశామని 2025 మార్చిలో ప్రకటించారు. అంతరిక్షంలో ఎంత దూరం వెళ్లాలన్నా జినాన్ సరఫరా ఎక్కడిదన్న ప్రశ్న వాళ్లకూ తప్పదు. అయోడిన్ లాంటివీ పరీక్షలో ఉన్నాయి. 2020లో ఫ్రెంచి కంపెనీ ఒకటి అయోడిన్ ఇంజనును చైనా ఉపగ్రహంలో పంపి నడిపింది. అది ఘనపదార్థం, చవక, బరువులో జినాన్‌కు దగ్గర. కానీ తగిలిన లోహాన్నల్లా తినే గుణం దానిది. జడ వాయువుల మంచితనం దానికి లేదు.

చివరగా

ఇప్పుడు ఆ పెద్దమ్మగారు మళ్లీ అడిగితే ఏం చెబుతాను? "మంచి గాలి, చెడ్డ గాలి అని లేదండీ. మన దగ్గర ఏది తక్కువుందో చూసుకోవాలి. కరెంటు తక్కువైతే జినాన్. చోటు తక్కువైతే జినాన్. డబ్బు తక్కువై, కరెంటుకు కొదవ లేకపోతే ఆర్గాన్. రెంటికీ మధ్యనుంటే క్రిప్టాన్. కానీ ఏది నింపినా ముందే అనుకుని నింపాలి, సగం కట్టాక మార్చకూడదు" అంటాను. ఆవిడ వంట చేసే మనిషి కదా, పప్పు ఉడుకుతుండగా గిన్నె మార్చకూడదని నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

ఆ కుర్రవాడికి మాత్రం ఇంకో మాట కూడా చెబుతాను. బుడగ చూశావుగా నాన్నా, దాని గాలంతా ఒక్కసారే వదిలేసింది, చివరికి ఎక్కడ పడాలో దాని చేతిలో లేకుండా పోయింది. ఉపగ్రహాన్ని కట్టేటప్పుడు చివరికి దిగడానికి కొంచెం గాలి దాచి పెట్టాలి. పెద్దయ్యాక నువ్వు కడితే, ఎవరెంత బతిమాలినా ఆ కొంచెం ఎవరికీ ఇవ్వకు.